ఇద్దరు అపరిచితులను ఒకే గదిలో పెట్టే ముందు: హాస్టల్ వార్డెన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హాస్టల్ వార్డెన్లకు, గదుల కేటాయింపు బాధ్యత చూసే కళాశాల అధికారులకు,

నమస్కారం.

విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు మీరు నోటీసు బోర్డు మీద అంటించే జాబితాలో ఒక గది సంఖ్య, దాని పక్కన రెండు పేర్లు ఉంటాయి. ఆ రెండు పేర్లు ఒకే వరుసలోకి ఎలా వచ్చాయని అడిగితే ప్రవేశ సంఖ్యల క్రమం అనో, అక్షర క్రమం అనో, ఫీజు కట్టిన తేదీ అనో జవాబు వస్తుంది. ఆ జాబితా తయారీకి మీ కార్యాలయంలో ఒక పూట పట్టవచ్చు. ఆ పేర్లు గల మనుషులు ఏడాది పాటు ఎన్ని గంటలకు నిద్రపోతారు, ఎంతసేపు కుదురుగా చదువుకుంటారు, ఇంటివారితో ఫోనులో మనసు విప్పి మాట్లాడుకోగలరా లేదా, ఒంట్లో బాగోలేని రాత్రి పక్కన ఎవరుంటారు అనే సంగతులన్నీ చాలావరకు ఆ పూటే తేలిపోతాయి. ఇంతటి నిర్ణయాన్ని మీరు తీసుకుని, ఆ తర్వాత గదిలో తేడాలొచ్చి విద్యార్థి మీ తలుపు తట్టినప్పుడు "అది మీ ఇద్దరి మధ్య విషయం, సర్దుకుపోండి" అని పంపించేయడం న్యాయం కాదని విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అంతస్తుకు విద్యార్థి ప్రతినిధిగా ఉన్నందువల్ల, మీ దాకా వచ్చే ఫిర్యాదులతో పాటు మీ దాకా రాకుండా ఆగిపోయేవి కూడా నా చెవిన పడుతుంటాయి. రెండో రకమే ఎక్కువ. నమ్మి చెప్పుకున్నవారి వివరాలేవీ ఇక్కడ రాయను. అన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించిన విషయాలనే ముందుంచుతాను.

బయటివారికి రూమ్మేట్ల తగాదా అంటే స్వభావాల తగాదాగా తోస్తుంది. ఒకరు మంచివారు, ఇంకొకరు మొండివారు అని తీర్పు చెప్పేస్తే పని అయిపోతుంది కూడా. కానీ నేను విన్నవాటిలో ఎక్కువ భాగం వేళలకూ వస్తువులకూ సంబంధించినవే. రాత్రి ఒంటిగంటకు ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మోగిన అలారాన్ని దాని యజమాని స్నూజ్ నొక్కి మళ్లీ పడుకుంటాడు, రెండో మంచం మీది మనిషికి మాత్రం ఇక నిద్ర పట్టదు. చార్జరు అడగకుండా తీసుకుంటారు, తడి తువ్వాలు వచ్చి ఎదుటివారి కుర్చీ మీద వాలుతుంది, స్నేహితులు వచ్చి మంచం అంచున కూర్చుని గంటలు గడుపుతారు, ఫోను స్పీకరులోనే మాట్లాడతారు. వీటిలో ఏ ఒక్కటీ కాగితం మీద పెట్టదగ్గ ఫిర్యాదులా కనిపించదు, అందుకే ఎవరూ పెట్టరు. నెలల తరబడి లోపలే ఉండి, చివరికి ఫ్యాను వేగం గురించో తాళంచెవి గురించో పెద్ద రభసగా మీ కార్యాలయానికి చేరుతుంది. అప్పుడు మీరు ఫ్యాను గురించి విచారిస్తారు.

ఈ చిన్న విషయాలకు అంత బలం ఎక్కడిదో అర్థం చేసుకోవడానికి రెండు పాత పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల నివాసాలను పరిశీలించి 1950లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరు ఎవరికి స్నేహితులవుతారనేది చాలావరకు తలుపుకూ తలుపుకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టే నిర్ణయమైంది. దగ్గరగా ఉంటే స్నేహం కుదురుతుందని చెప్పేవారు ఈ పరిశోధనతోనే ఆగిపోతారు. 1976లో ఎబ్బెసన్ బృందం ఒక కాలిఫోర్నియా నివాస సముదాయంలో స్నేహితులతో పాటు గిట్టనివారి గురించి కూడా అడిగింది. గిట్టనివారు సైతం దగ్గరలోనే, స్నేహితుల కంటే ఇంకా దగ్గరలో ఉన్నట్టు తేలింది. కారణాలు కూడా వ్యక్తిత్వానికి చెందినవి కావు. శబ్దం, అపరిశుభ్రత వంటి, తమ పరిసరాలను పాడుచేసే పనులే. ఇళ్ల మధ్య గోడలున్నచోటే ఇలా ఉంటే, గోడే లేని గదిలో ఇంకెంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి ఇద్దరినీ ఒకచోట పెడితే వారే కలిసిపోతారనే నమ్మకంలో సగమే నిజం ఉంది. మిగిలిన సగాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది నిద్ర. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసువారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర అవసరమని నిపుణుల సిఫారసు. అయితే ఆ గంటలు రాత్రి ఏ వేళ మొదలవుతాయన్నది పూర్తిగా ఇష్టానికి చెందిన విషయం కాదు. కౌమారం పొడవునా శరీరంలోని గడియారం ఆలస్యం వైపు జరుగుతూ పోయి, దాదాపు 20 ఏళ్ల వయసులో అత్యంత ఆలస్య స్థితికి చేరుకుని, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి మళ్లుతుందని టిల్ రోనెబెర్గ్ బృందం 2004లో చూపింది. అంటే హాస్టళ్లలో ఉండే వయసే ఆ గడియారం అందరికంటే ఆలస్యంగా నడిచే వయసు. అందులోనూ అందరూ ఒకలా ఉండరు. పదిన్నరకే కళ్లు మూతలు పడేవారు, రెండింటికి గానీ పక్క ఎక్కలేనివారు ఒకే తరగతిలో ఉంటారు. ఇద్దరూ క్రమశిక్షణ ఉన్నవారే కావచ్చు, ఇద్దరూ మర్యాదస్తులే కావచ్చు, అయినా ఒకరి చదువు వేళ ఇంకొకరి నిద్ర వేళ అయినప్పుడు గదికి ఒకే దీపం, దానికి ఒకే స్విచ్చు ఉంటే రోజూ ఎవరో ఒకరు ఓడిపోక తప్పదు. పడుకునే ముందు మామూలు గది వెలుతురులో కూర్చున్నా సరే, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను విడుదల ఆలస్యమవుతుందని ప్రయోగాలు చూపాయి. మంచి నిద్రకు పడకగదిలో నిరంతరంగా ఉండే శబ్దం 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. 30 డెసిబెళ్లంటే ఇంచుమించు గుసగుస. పక్క మంచం మీది మనిషి గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతున్నా ఆ హద్దు దాటినట్టే.

ఇది తెలిశాక, కేటాయింపు పత్రంలో నిద్ర వేళ అడగని కళాశాలలు ఇప్పటికీ ఉండటం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. రక్త వర్గం అడుగుతారు, తండ్రి వృత్తి అడుగుతారు, పుట్టుమచ్చలు కూడా అడుగుతారు. అడిగే కొద్దిచోట్ల కూడా ప్రశ్న "మీరు త్వరగా నిద్రపోతారా?" అన్న తీరులో ఉండి, విద్యార్థి పక్కన తల్లిదండ్రులు కూర్చుని ఉండగా నింపిస్తారు. ఆ పరిస్థితిలో అర్ధరాత్రి దాకా మేలుకుంటానని ఏ బిడ్డ రాస్తుంది? శరీర గడియారాన్ని కొలిచేందుకు రోనెబెర్గ్ బృందం వాడిన ప్రశ్నావళి పని దినాలను, సెలవు దినాలను విడివిడిగా అడుగుతుంది, ఎందుకంటే మనిషి అసలు అలవాటు బయటపడేది మర్నాడు పొద్దున్నే లేవనవసరం లేని రోజునే. మీరు కూడా అలాగే అడగండి. సెలవు రోజున ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారు, దీపం వెలుగుతుంటే నిద్రపడుతుందా, చదువుకునేటప్పుడు గదిలో నిశ్శబ్దం కావాలా, కిటికీ తెరిచి పడుకుంటారా మూసి పడుకుంటారా అని అడగండి. శుభ్రంగా ఉంటారా అని అడిగితే అందరూ ఉంటామనే అంటారు. గది ఎన్ని రోజులకొకసారి ఊడిస్తే చాలనుకుంటారో అడిగితే జవాబులు వేరువేరుగా వస్తాయి. పత్రాన్ని విద్యార్థి ఒంటరిగా నింపి నేరుగా మీకు పంపే ఏర్పాటు ఉండాలి. ఈ జవాబులను బట్టి జతలు కట్టడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు, నిద్ర వేళల ప్రకారం జాబితాను సర్దుకుంటే సగం పని అయిపోతుంది.

కిటికీ మాట వచ్చింది కాబట్టి ఒక పక్క సంగతి. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థి వసతి గదుల్లో జరిపి 2016లో వెలువరించిన అధ్యయనంలో, గాలి బాగా ఆడే ఏర్పాటు చేసినప్పుడు విద్యార్థుల నిద్ర మెరుగుపడి, మర్నాడు చురుకుదనం, ఏకాగ్రత పెరిగాయి. అవి ఒక్కొక్కరే పడుకునే గదులు. ఇద్దరు ఊపిరి తీసుకునే మూసిన గది సంగతి వేరే చెప్పనవసరం లేదు. కిటికీ గురించిన వాదన చాదస్తంలా కనిపించినా దాని వెనుక ఇంత ఉంది.

ఇప్పుడు మీలో కొందరి మనసులో మెదిలే ప్రశ్నకు వస్తాను. ఇంత తలనొప్పి ఎందుకు, ఎవరికి నచ్చినవారిని వారినే ఎంచుకోమంటే సరిపోదా అనిపించవచ్చు. విద్యార్థులు కూడా అదే కోరుతున్నారు. ప్రవేశం ఖరారు కాగానే సామాజిక మాధ్యమాల్లో వెతుక్కుని, ఒకే ఊరివారో ఒకే బడివారో ముందే జతలుగా వచ్చి మీ ముందు నిలబడుతున్నారు. నా అభిప్రాయం దీనికి విరుద్ధం, కనీసం మొదటి సంవత్సరం వరకు. అపరిచితులను కలపాలనే మీ పద్ధతిని నేను సమర్థిస్తాను. ముందే తెలిసినవారితో గది పంచుకున్నవారికి కొత్తవారి పరిచయం ఆలస్యమవుతుంది. ఎవరూ తెలియకుండా ఒంటరిగా వచ్చినవారు ఎంపికల తర్వాత మిగిలిపోయినవారిగా ఒక గదిలో చేరతారు, ఆ సంగతి వారికీ తెలుస్తుంది, మిగతావారికీ తెలుస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2018లో చేరిన విద్యార్థుల నుంచి మొదటి సంవత్సరంలో రూమ్మేటును స్వయంగా ఎంచుకునే వీలును తీసివేసింది. తమలాంటి నేపథ్యమున్నవారినే విద్యార్థులు ఎంచుకుంటున్నారన్నది ఆ నిర్ణయానికి చెప్పిన కారణాల్లో ఒకటి.

అలా కలపడం వల్ల జరిగే మేలుకు ఆధారాలు లేకపోలేదు. యాదృచ్ఛికంగా జరిగిన కేటాయింపుల్లో నల్లజాతి రూమ్మేట్లు వచ్చిన తెల్లజాతి విద్యార్థుల అభిప్రాయాలను ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం, వారిలో వైవిధ్యం పట్ల మద్దతు పెరిగినట్టు చూపింది. షుక్, ఫాజియో అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ఇంకో అధ్యయనం ఇంతకంటే నిజాయితీగా ఉన్నట్టు నాకు తోస్తుంది. భిన్న జాతులవారు కలిసి ఉన్న గదుల్లో సంతృప్తి తక్కువగా ఉంది, కలిసి గడిపిన సమయం కూడా తక్కువే, అయినప్పటికీ కొన్ని నెలల్లోనే ఆ గదుల్లోని తెల్లజాతి విద్యార్థుల మనసులోని వివక్షాపూరిత ధోరణులు, ఎదుటి జాతివారితో మెలగడంలోని బెరుకు తగ్గాయి. ఒకే జాతివారున్న గదుల్లో అలాంటి మార్పు రాలేదు. అంటే మేలు, ఇబ్బంది కలిసే వచ్చాయి. ఆ ఇబ్బందిని అనుభవించేది విద్యార్థి, మేలు జరిగిందని వార్షిక నివేదికలో రాసుకునేది కళాశాల.

ఇక్కడే మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన మాటను మీ దృష్టికి తేవాలి. భిన్న వర్గాల మనుషులు ఎదురుపడినంత మాత్రాన దురభిప్రాయాలు పోవని, అందుకు కొన్ని పరిస్థితులు తోడుకావాలని ఆయన వివరించారు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం పరస్పరం సహకరించుకోవాలి, ఆ కలయికకు సంబంధిత అధికార వ్యవస్థ అండ ఉండాలి. మొదటి మూడూ గదిలో ఎంతో కొంత ఉంటాయి. ఇద్దరూ విద్యార్థులే, ఇద్దరికీ చదువు పూర్తి కావాలి, గదిని ఇద్దరూ కలిసే నడుపుకోవాలి. నాలుగోది మీ చేతిలో ఉంది. కేటాయింపు జాబితా అంటించిన రోజుతో మీ పని ముగిసిపోతే ఆ నాలుగోది లేనట్టే.

రూమ్మేటు ప్రభావం చదువు మీద ఎంత ఉంటుందన్న విషయంలో అతిశయోక్తులు నాకు ఇష్టం లేదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో యాదృచ్ఛికంగా కుదిరిన జతలను ఆధారం చేసుకుని బ్రూస్ సాసర్డోట్ 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం రూమ్మేట్ల ప్రభావం మార్కుల మీద, ఫ్రాటర్నిటీలనే విద్యార్థి సంఘాల్లో చేరాలా వద్దా అనే నిర్ణయం మీద కనిపించింది, ప్రధాన పాఠ్యాంశం ఎంపిక వంటి పెద్ద నిర్ణయాల మీద కనిపించలేదు. మైఖేల్ క్రెమర్, డాన్ లెవీ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కళాశాలకు రాకముందే మద్యం అలవాటున్న రూమ్మేట్లు వచ్చిన అబ్బాయిల సగటు గ్రేడు అలాంటి రూమ్మేట్లు లేనివారితో పోలిస్తే నాలుగు పాయింట్ల కొలమానంలో దాదాపు పావు పాయింటు తగ్గింది. పక్కవాడు చెడగొట్టాడని మార్కుల జాబితా పట్టుకుని తిరిగే తల్లిదండ్రులకు ఇవి పూర్తి ఊతమివ్వవు, ఎవరితో ఉన్నా తేడా ఏమీ ఉండదనే మాటను కూడా నిలవనివ్వవు.

మీ అండ ఏ రూపంలో ఉండాలన్నది తర్వాతి విషయం. చాలా దేశాల కళాశాలల్లో రూమ్మేట్ల ఒప్పంద పత్రం అనే పద్ధతి ఉంది. ఇద్దరూ కూర్చుని దీపం, శబ్దం, అతిథులు, శుభ్రత, వస్తువుల వాడకం గురించి రాసుకుని సంతకాలు చేస్తారు. ఆలోచన మంచిదే, కానీ దాన్ని చేరిన రోజునే పూర్తి చేయించడంతో పత్రం నిండుతుంది గానీ ఒప్పందం కుదరదు. మొదటి రోజున ఇద్దరూ మొహమాటపడతారు, ఏది అడిగినా "నాకేం పర్లేదు" అంటారు, ఒకరి అలవాట్లు ఇంకొకరికి ఇంకా తెలియవు. మూడో వారంలో చేయించండి. అప్పటికి ఏది ఇబ్బంది పెడుతుందో ఇద్దరికీ తెలుస్తుంది, ఆ ఇబ్బంది ఇంకా పగగా గడ్డకట్టి ఉండదు. గదికి ఒక అరగంట చొప్పున సీనియరు విద్యార్థి ఒకరు మధ్యలో కూర్చుంటే మాట్లాడటానికి ఒక నెపం దొరుకుతుంది; "నేను అడగడం లేదు, పత్రంలో ఉంది కాబట్టి చెబుతున్నాను" అనే వెసులుబాటుకు ఆ వయసులో చాలా విలువ ఉంటుంది. "కలిసిమెలిసి ఉంటాము, ఒకరినొకరు గౌరవించుకుంటాము" వంటి వాక్యాలను దయచేసి పత్రంలోకి రానివ్వకండి, అవి ఏ రాత్రీ ఏ దీపాన్నీ ఆర్పించలేవు. పెద్ద లైటు ఎన్నింటికి ఆర్పాలి, ఆ తర్వాత చదవాలనుకునేవారు ఎక్కడికి వెళ్లాలి, అలారం ఎన్నిసార్లు మోగవచ్చు, బయటివారు వచ్చే ముందు ఎంతసేపటి ముందు చెప్పాలి, అడగకుండా వాడుకోదగినవి ఏవి, ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడనివి ఏవి అన్నంత స్పష్టంగా ఉండాలి. పరీక్షల ముందు ఒకసారి దాన్ని తిరిగి తెరిచి మార్చుకునే వీలుండాలి, ఎందుకంటే పరీక్షలప్పుడు ఇద్దరి వేళలూ మారిపోతాయి.

గది మార్పు గురించి కాస్త వివరంగా రాయక తప్పదు. ప్రస్తుతం అనేకచోట్ల గది మారాలంటే కారణం రాసివ్వాలి, ఆ కారణం బలంగా ఉంటే తప్ప అనుమతి రాదు. దాంతో ఏం జరుగుతుందో మీరూ చూస్తూనే ఉన్నారు. నిద్ర వేళలు కుదరడం లేదని రాస్తే కాగితం పక్కకు పోతుంది కాబట్టి, ఎదుటి మనిషి మీద నింద రాస్తారు. నింద వచ్చింది గనుక ఇద్దరినీ పిలిపిస్తారు, ఒక్కోసారి పెద్దవారిని కూడా రప్పిస్తారు. ఇంతకు ముందు సర్దుబాటు కాని అలవాట్లు మాత్రమే ఉన్నచోట ఆ తర్వాత గౌరవ సమస్య మొదలవుతుంది. మొదటి నెల ముగిశాక ఒక వారం పాటు, రెండో విడత చదువు మొదలయ్యే ముందు మరో వారం పాటు, కారణం చెప్పకుండానే గది మార్పు కోరుకునే అవకాశం ఇవ్వమని నా విన్నపం. ఖాళీలు తక్కువ కాబట్టి అందరికీ సాధ్యపడదని మీరు అంటారు, అది నిజమే. కానీ పరస్పరం గదులు మార్చుకోవడానికి ఇష్టపడే రెండు జతలను కలపడానికి ఖాళీ గది అవసరం లేదు, వారి పేర్లు ఒకచోట నమోదై ఉంటే చాలు. అందరూ మారిపోతారేమో అన్న భయం కూడా అక్కర్లేదని నేననుకుంటాను. తలుపు తీసే ఉందని తెలిసినవారు లోపల ఇంకాస్త ఓపికగా కూర్చుంటారు.

అయితే సర్దుబాటు అనే మాటకు అసలు తావులేని సందర్భాలున్నాయి. కొట్టడం, బెదిరించడం, దొంగతనం, అనుమతి లేకుండా ఫొటోలు వీడియోలు తీయడం, లైంగిక వేధింపు, కులం మతం రంగు శరీరం పేరుతో రోజువారీ అవమానం వంటివి రూమ్మేట్ల మధ్య తేడాలు కావు, తప్పులు. ఇలాంటి ఫిర్యాదు వచ్చిన రోజునే ఇద్దరినీ వేరు చేయాలి, విచారణ తర్వాత జరగవచ్చు. ఫిర్యాదు చేసినవారినే సామాను సర్దుకుని వేరే గదికి వెళ్లమనే అలవాటును మాత్రం మానుకోవలసిందిగా గట్టిగా కోరుతున్నాను. బాధపడినవారు కోరుకుంటే తప్ప వారిని కదిలించకూడదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించే రాజీ కూడా ఇలాంటి విషయాల్లో పనికిరాదు. ఆ గది తలుపు మళ్లీ లోపలి నుంచి గడియపడే వేళకు రాజీ చేసినవారెవరూ అక్కడ ఉండరు.

ఇంకొక పరిస్థితి గురించి బహిరంగంగా ఎవరూ మాట్లాడరు. రూమ్మేట్లలో ఒకరు మానసికంగా కుంగిపోతున్నప్పుడు దాన్ని మొదట గమనించేది అధ్యాపకులు కారు, తల్లిదండ్రులు కారు. రోజుల తరబడి మంచం దిగకపోవడం, తిండి మానేయడం, తరగతులకు వెళ్లకపోవడం, రాత్రంతా మేలుకుని ఉండటం, బతకడం వృథా అనే ధోరణిలో మాట్లాడటం, ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టేయడం వంటివన్నీ కళ్లారా చూసేది పక్క మంచం మీది పద్దెనిమిదేళ్ల మనిషి. ఆ మనిషికి ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉండరు. ఎవరికైనా చెబితే నమ్మకద్రోహమవుతుందేమోనని, చెప్పకపోతే ఏదైనా జరిగిపోతుందేమోనని, రాత్రిళ్లు కాపలా కాస్తూ తన చదువునూ నిద్రనూ పోగొట్టుకుంటూ ఉంటుంది ఆ ప్రాణి. హాస్టలులో చేరిన మొదటి వారంలోనే అందరికీ స్పష్టంగా చెప్పండి: ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు రహస్యం దాచనవసరం లేదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే పెద్దలకు చెప్పాలి, చెప్పినంత మాత్రాన ఎవరినీ కళాశాల నుంచి పంపించేయరు. ఈ చివరి మాట నిజమయ్యేలా చూడటం మీ పని. అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలో ఆ సంఖ్య ప్రతి గది తలుపు లోపలి వైపున ఉండాలి, ఆ ఫోనును ఎత్తే మనిషి నిజంగా ఉండాలి. ఆ తర్వాత కూడా పక్క మంచం మీది విద్యార్థి కోలుకోవడానికి సమయం ఇవ్వండి, కావాలంటే కొద్దిరోజులు వేరే గది ఇవ్వండి. ఆ విద్యార్థి స్నేహితుడో స్నేహితురాలో కావచ్చు గానీ వైద్యులు మాత్రం కారు.

కట్టడం గురించి ఎక్కువ రాయను, గోడలు కదిలించడం మీ ఒక్కరి చేతిలో లేదని నాకు తెలుసు. కానీ ప్రతి మంచానికీ ఒక చిన్న చదువు దీపం, ప్రతి ఒక్కరికీ తాళం పడే అల్మారా, చేతికందే దూరంలో ఒక ప్లగ్ పాయింటు, ఫోనులో ఏడ్చుకుంటూ మాట్లాడినా ఎవరూ తొంగి చూడని ఒక మూల, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే చదువు గది ఉంటే నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి పుట్టే అవకాశమే ఉండదు. ఇద్దరి కోసం కట్టిన గదిలో మూడో మంచం వేయడం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు. ముగ్గురున్న గదిలో ఇద్దరు ఒక జట్టయి మూడోవారు వేరుపడే ప్రమాదాన్ని పరిశోధకులు 1970లలోనే గమనించారు. ఆండ్రూ బామ్ ఆ దశకంలోనే ఇంకో సంగతి కూడా చూపారు. పొడవాటి వరండాకు ఇరువైపులా వరుసగా గదులున్న వసతి భవనాల్లోని విద్యార్థులు, కొద్ది గదులను ఒక గుంపుగా కట్టిన భవనాల్లోని వారి కంటే ఎక్కువ ఇరుకుగా భావించారు, ఇతరుల నుంచి దూరంగా ఉండటానికి ప్రయత్నించారు. ఆ తర్వాత 1980లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పొడవాటి వరండాను మధ్యలో రెండుగా విడదీస్తే పరిస్థితి మెరుగుపడింది. భవనం మరమ్మతుల ప్రణాళిక వేసినప్పుడైనా ఈ సంగతి గుర్తుంచుకోగలరు.

ఇవన్నీ రాస్తున్నప్పుడు మీ వైపు ఇబ్బందులు నాకు కనబడకపోలేదు. వందల మంది విద్యార్థులకు ఒక్క వార్డెను, పైగా ఆ వార్డెనుకు పొద్దున పాఠాలు చెప్పే బాధ్యత, రాత్రి నీళ్లు రాలేదని ఫోన్లు. అందుకే సీనియరు విద్యార్థులకు ఈ పనిలో శిక్షణ ఇవ్వమని, వారి సమయానికి తగిన గుర్తింపు ఇవ్వమని అడుగుతున్నాను. ఎదుటివారు చెప్పేది చివరిదాకా వినడం, ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించకపోవడం, తన స్థాయి దాటిన విషయాన్ని వెంటనే పైకి చేరవేయడం నేర్పితే సరిపోతుంది. శిక్షణ లేని ప్రతినిధులుగా మేము చేస్తున్నది చాలాసార్లు మీ "సర్దుకుపోండి" అనే మాటనే కొంచెం మెత్తగా తిరిగి చెప్పడం.

వచ్చే విద్యా సంవత్సరం దరఖాస్తు పత్రాలు అచ్చుకు వెళ్లకముందే ఈ లేఖ మీ పరిశీలనకు రావాలని కోరుకుంటున్నాను. నిద్ర వేళల ప్రశ్నలను ఆ పత్రంలో చేర్చడానికి, మూడో వారపు ఒప్పంద పత్రాన్ని రూపొందించడానికి ఒక చిన్న సంఘాన్ని వేసి, అందులో మొదటి సంవత్సరం పూర్తి చేసిన విద్యార్థులు కనీసం ఇద్దరికి చోటివ్వగలరు. గది మార్పు నిబంధనలను ఎలా సవరిస్తారో, వేధింపు ఫిర్యాదు వచ్చినప్పుడు తొలి 24 గంటల్లో ఎవరు ఏం చేస్తారో రాతపూర్వకంగా నోటీసు బోర్డు మీద, గదుల జాబితా పక్కనే ప్రకటించవలసిందిగా విన్నపం. ఆ సంఘానికి కావలసిన సమాచారం సేకరించే పనిలో, పత్రం ముసాయిదా రాసే పనిలో సాయపడటానికి మా అంతస్తుల ప్రతినిధులం సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
భవదీయ,
ఒక హాస్టల్ విద్యార్థి ప్రతినిధి